నీళ్ల బుర్ర

ఆ పొద్దున సక్రి గొంతుకు వాకిట్లో కోళ్లు కూడా జడుసుకుని పక్కింటి దడి కిందికి దూరాయి. తొలకరి పడి తండా అంతా చిత్తడిగా ఉంది. పొయ్యి దగ్గర కోడలు లాలి జొన్నరొట్టె చరుస్తోంది. సక్రి మాత్రం మొగుడి ధోవతులు, దుప్పటి, చుట్టల సంచి అన్నీ పోగేసి మూట కడుతోంది. అరుగు మీది మంచంలో హాతీరాం పిండికట్టు వేసిన కాలు చాపుకుని, తనకేమీ పట్టనట్టు గోడ వైపు చూస్తున్నాడు.

"మన బిడ్డ చాంది ఊరి నుంచి బండి వస్తది. మీ బాపును తోల్కపోత. బిడ్డ ఇంట్లనన్న మనిషి లెక్క చూస్తరు," అంది సక్రి, కొడుకు వినాలనే.

జైరాం అప్పుడే ఇల్లందులో డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. బొగ్గుగని దవాఖానా అంబులెన్సులో అటెండరు అతను. దెబ్బలు తగిలినవాళ్లను డాక్టరు చేతికి అందేదాకా కాపాడుకు రావడం అతని పని. తండా మొత్తానికి గర్వంగా ఉన్న ఆ ఉద్యోగమే ఇప్పుడు ఇంట్లో కుంపటి పెట్టింది.

"యాడీ, మళ్ల మొదలు పెట్టినవా?" అన్నాడు తల్లితో.

"పెడత. కన్నతండ్రి కాలిరిగి మొత్తుకుంటుంటే ఇడిచిపెట్టి, మన చేను గట్టు దున్నుకున్న భీమయ్యను బండెక్కిస్తివి. ఏ కొడుకన్న చేస్తడా గట్ల?"

ఇది ఎండాకాలం మాట. తునికాకు కట్టలతో, కూలీలతో అడవి నుంచి వస్తున్న ట్రాక్టరు వాగు దిగుడులో బోల్తా పడింది. కబురందుకుని జైరాం వ్యానులో వెళ్లేసరికి ఇప్పచెట్టు కింద ముందు కనబడింది తన తండ్రే. "ఓరి జైరామా, సచ్చిపోతున్నరా" అని అడవి దద్దరిల్లేలా అరుస్తున్నాడు. ఏ కొడుక్కైనా కాళ్లు అటే లాగుతాయి. జైరాం కాళ్లూ లాగాయి. కానీ అతనికి నేర్పిన మొదటి పాఠం వేరు. అరుస్తున్నవాడికి ఊపిరి ఆడుతున్నట్టే. అరవకుండా పడి ఉన్నవాడి దగ్గరకు ముందు పో.

అరవకుండా పడి ఉన్నది భీమయ్య. ఒంటి మీద రక్తం చుక్క లేదు. చెయ్యి పట్టుకుంటే మాత్రం చల్లటి చెమట, అందీ అందనట్టు పరుగెత్తే నాడి. కడుపు చెక్కలా బిగిసి ఉంది. లోపల రక్తం పోతోందని జైరాంకు అర్థమైంది. తండ్రి కాలి వేళ్లు తాకి చూశాడు. వెచ్చగా ఉన్నాయి, కదులుతున్నాయి. వ్యానులో పడుకోబెట్టడానికి ఉన్నది ఒక్క స్ట్రెచరు. పక్క బల్ల మీద తల పగిలిన ఒక ఆడమనిషి కూర్చుంది. విరిగిన కాలితో తండ్రిని ఆ రాళ్ల దారిలో కూర్చోబెట్టి తీసుకుపోతే ఎముక తోలు చీల్చుకుని బయటికొస్తుంది. వెదురు బద్దలు పెట్టి తలపాగా గుడ్డతో కాలు కట్టేసి, "మళ్లొస్త బాపూ" అని భీమయ్యను ఎక్కించాడు. దారిలో టైరు పంక్చరై, మళ్లీ వచ్చేసరికి పొద్దు వాలింది.

భీమయ్య బతికాడు. హాతీరాం కాలూ అతుక్కుంటోంది. అయితే ఆ రోజు నుంచి హాతీరాం కొడుకుతో మాట్లాడలేదు. అసలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

"నేను చేసింది తప్పు కాదు యాడీ. బాపు ఆగగలడు, భీమయ్య ఆగలేడు. అంతే," అన్నాడు జైరాం విసురుగా.

"నీ సదువు నువ్వే పెట్టుకో!" సక్రి మూట ముడి బిగించింది.

లాలి రొట్టె పెనం మీద నుంచి దించి లేచింది. ఆమె అత్త ముందు నోరెత్తే మనిషి కాదు. ఇవ్వాళ ఆగలేకపోయింది.

"అడవిల మంచిగనే చూసినవు. ఇంట్ల చూస్తలేవు," అంది మొగుడితో. "రోజూ అరిచేది అత్త. నువ్వు ఆమెకే జవాబు చెప్తున్నవు. సప్పుడు చెయ్యకుంట పడున్నది ఎవరో చూసినవా? మామ ఎప్పుడన్న గిట్ల ఉన్నడా?"

జైరాం చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. నిజమే. ఎద్దులను అదిలిస్తే పక్క తండాకు వినబడే మనిషి ఇన్నాళ్లుగా మూగవాడిలా ఉంటే, కోపమనుకుని పక్క నుంచి తప్పుకు తిరిగాడు. సిగ్గేసింది. వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుని తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"బాపూ, నా మీద కోపమా?"

హాతీరాం తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు రాకముందు భీమయ్య నీళ్లడిగిండురా. మాట కూడ వస్తలేదు, చెయ్యి సాపిండు. సొరకాయ బుర్ర నా పక్కనే ఉండె. గట్టు యాదికొచ్చింది. వాడు చూస్తుండంగనే నేను తాగిన."

సక్రి చేతిలోని మూట వదిలేసింది.

"బాపూ, కడుపుల దెబ్బ తాకినోనికి నీళ్లు తాపొద్దు. నువ్వు ఇయ్యకపోవుడే మంచిగైంది," అన్నాడు జైరాం ఆత్రంగా.

"అది నీకెరుక. నాకెరుకనా?" హాతీరాం కళ్ల నుంచి నీళ్లు గడ్డంలోకి జారాయి. "సచ్చేటోనికి నీళ్లు ఇయ్యలే నేను. నా కొడుకేమో వాణ్ని ఎత్తుకపోయి బతికిచ్చిండు. నీ మొకం ఎట్ల చూడాలెరా?"

జైరాం లేచి మంచం అంచున కూర్చున్నాడు. తండ్రి తల తన భుజానికి ఆనించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. గొంతుకు అలుపే లేని సక్రి కూడా కొంగు నోట్లో కుక్కుకుంది.

చాంది ఊరి నుంచి బండి వచ్చింది. హాతీరాంను ఎక్కించి, సక్రి, జైరాం కూడా ఎక్కారు. బండి మాత్రం వాగు దాటి భీమయ్య గూడెం వైపు మళ్లింది.

భీమయ్య తడిక పక్కన కంబళి కప్పుకుని కూర్చున్నాడు, సగానికి సగం చిక్కిపోయి. వచ్చినవాళ్లను చూసి తడబడుతూ లేవబోయాడు. అతని భార్య ఇంటికొచ్చిన వాళ్లకు ఇచ్చినట్టే చెంబుతో నీళ్లు తెచ్చి హాతీరాం చేతికిచ్చింది. హాతీరాం తాగలేదు. చెంబు భీమయ్య ముందుకు చాపాడు.

"ముందు నువ్వు తాగు."

భీమయ్య అతని ముఖంలోకి చూశాడు. "ఆనాటిది నాకేం యాదిలేదన్నా."

"నాకు యాదుంది. తాగు."

భీమయ్య రెండు చేతులా అందుకుని తాగాడు. మిగిలినవి హాతీరాంకిచ్చాడు. గట్టు ఊసు ఎవరూ ఎత్తలేదు.

తిరిగి తండాకు వస్తుంటే చక్రం గుంతలో పడి బండి ఎగిరింది. "ఓరి నీ బండి పాడుగాను! కాలు పోయెరా దేవుడా! కండ్లు కనబడుతలేవార?" హాతీరాం అరుపుకు చెట్ల మీది పిట్టలు లేచాయి.

"ఏందయ్యా గా కేకలు?" సక్రి కసిరింది.

"అరవనియ్ యాడీ," అన్నాడు జైరాం కళ్లు తుడుచుకుంటూ. "బాపుకు ఇగ ఏం భయం లేదు."