చూసేది నేను

"టికెట్ ఎంతండీ?"

కుందేళ్ళకి క్యారెట్ ముక్కలు వేస్తున్న జయదేవ్ తలెత్తాడు. గుమ్మంలో తడిసిన గొడుగుతో ఓ అమ్మాయి.

"ఇది జూ కాదండీ, పెట్ షాపు. చూడటం ఫ్రీ."

జ్ఞానేశ్వరికి చెవులు వేడెక్కాయి. పామర్రు పక్క పల్లెలో చదువుకుని, బెజవాడ స్కూల్లో కొత్తగా టీచరుగా చేరింది. మొన్ననే పిల్లల్ని విశాఖ జూకి తీసుకెళ్ళొచ్చింది. జంతువులని చూడాలంటే టికెట్ కొనాలనే అనుకుంది.

అయినా వెనుదిరగలేదు. వాన తగ్గేదాకా ఒక్కో పంజరం ముందూ నిలబడి చూసింది.

ఆ తరవాత స్కూలు వదలగానే తరచూ వచ్చేది. కొనేది మాత్రం కాదు.

"టీచర్ గారూ, జూ బాగుందా, మా షాపు బాగుందా?" అడిగాడోసారి జయదేవ్.

"జూలో పులి మావైపు చూడనే లేదండీ. అటు తిరిగి పడుకుంది. ఇక్కడ అన్నీ మనవైపే చూస్తాయి."

"ఆకలండీ!"

"కాదు. తీసుకెళ్తారేమోనని."

జయదేవ్ నవ్వు ఆగింది. "నేనూ రోజూ మీవైపే చూస్తున్నాను. కనబడలేదా?"

జ్ఞానేశ్వరి గబుక్కున చేపల తొట్టివైపు తిరిగింది. అద్దంలో తన నవ్వు అతనికి కనబడుతుందని తోచలేదు.

ఓ శుక్రవారం మాత్రం వచ్చి దేన్నీ చూడలేదు.

"ఆదివారం మా ఇంటికి చూడ్డానికి వస్తున్నారండీ."

"కుక్కపిల్లనా? నా దగ్గర కాకుండా ఎక్కడ కొన్నారు?"

"నన్నండీ!"

జయదేవ్ చేతిలో గింజల డబ్బా ఒలికిపోయింది. "మీకు... ఇష్టమేనా?"

"చీర కట్టుకుని తలొంచుకు కూచోవాలి. నచ్చానో లేదోనని ఎదురుచూడాలి. అది నావల్ల కాదు."

"అయితే రేపే మా అమ్మని తీసుకొస్తాను!"

"మీరూ చూడ్డానికేనా?"

అతనికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది.

"పోనీ, మీరే రండి. మాది ఉయ్యూరు. మీరు చూడండి, నేను ఎదురుచూస్తాను."

ఫోన్లో సంగతి విని ఆమె తండ్రి భానుమూర్తి మాస్టారు బిత్తరపోయారు. "వచ్చేవాళ్ళకి ఏం చెప్పనే?"

"ఈసారి చూసేది మా అమ్మాయని చెప్పండి నాన్నా."

ఎన్నడూ ఎదురు చెప్పని పిల్ల.

"ఉయ్యూరు బస్సుకా, బండి మీదా?" అన్నారు చివరికి.

ఆదివారం ఉయ్యూరులో వాళ్ళింట్లో జయదేవ్ కాఫీ ట్రే పట్టుకుని వచ్చాడు. తలొంచుకుని కప్పులు అందించాడు. తలుపు పక్కన వాళ్ళమ్మ రమాసుందరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"పాటలు వచ్చా బాబూ?" గంభీరంగా అడిగారు మాస్టారు.

"మా పిట్టలకి వచ్చండీ."

జ్ఞానేశ్వరి కాఫీ ఓ గుక్క తాగి అతనివైపు చూసింది. తీరిగ్గా, కళ్ళు దించకుండా.

"చక్కెర ఫ్యాక్టరీ ఊళ్ళో ఉండి పంచదార మర్చిపోయారా?"

జయదేవ్ ముఖం పాలిపోయింది.

మాస్టారు రమాసుందరివైపు తిరిగి లేచారు. "సరేనమ్మా, ఇంటికెళ్ళి ఫోన్ చేస్తాం."

"ఎందుకు నాన్నా?" జ్ఞానేశ్వరి కూర్చునే ఉంది. "పాపం, అంతసేపు ఎదురుచూడలేరు. నాకు నచ్చారు."