ఏడు ఫోటోలే ఉండాయి

పెనుకొండలో బస్సులు ఆగే చోటు నుంచి కోట వైపు కాస్త నడిస్తే, ఎడమ పక్కన పోతులయ్య ఫోటో కొట్టు ఉండేది. వీధిలోంచి మూడు మెట్లు, ముందొక గది, దాని వెనక కిటికీ లేని ఇంకో చిన్న గది. ముందు గదిలో ఒక కుర్చీ, గోడకు పూలతోట గీసిన తెర. వెనకది ఫోటోలు కడిగే చీకటి గది. అందులో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు.

పోతులయ్యకు యాభై దగ్గర పడ్డాయి. సముద్రం ఎలా ఉంటుందో కంటితో చూసినవాడు కాదు. హిందూపురం సంత దాటి ఏనాడూ పోలేదు. అయినా సముద్రం గురించి అతనికి తెలిసినంత ఆ తాలూకాలో మరొకరికి తెలియదు. అదంతా నాగభూషణం వల్ల.

నాగభూషణానిది ధర్మవరం. ఇంట్లో నాలుగు మగ్గాలు. నేసిన పట్టుచీరలు మూటగట్టుకుని ఏడాదికి రెండుసార్లు పడమటి తీరానికి పోయేవాడు. మంగళూరు, ఉడుపి, మల్పె, కార్వారం. పోయిన చోటల్లా డబ్బా కెమెరాతో ఫోటోలు తీసేవాడు. దాన్ని గుండెకు ఆనించి, పైనున్న చిన్న అద్దంలోకి తల వంచి చూస్తూ తీయాలి; రీలుకు ఎనిమిది ఫోటోలు. తిరిగి వచ్చేటప్పుడు బెంగుళూరు బస్సులోంచి పెనుకొండలో దిగి, రీలు పోతులయ్య చేతిలో పెట్టి, ఫోటోలు ఆరేదాకా అక్కడే కూర్చునేవాడు. ఒక్కో ఫోటో చేతికి రాగానే దాని వెనక కథ మొదలు. కూతురి పెళ్ళినాడు ధర్మవరం చీర కట్టుకుని మరీ చేపలమ్మిన మంగళూరు ముసలమ్మ, దీపస్తంభం మీద పదేళ్ళు ఒంటరిగా ఉండి మాటలే మర్చిపోయిన కావలివాడు, దూలాలు నిలబెట్టినట్టు రాళ్ళుండే మనుషుల్లేని దీవి. పక్కన టీకొట్టు రామాంజనేయులు కూడా పొయ్యి వదిలేసి వచ్చి వినేవాడు.

పందొమ్మిది వందల అరవై ఒకటి, వైశాఖం. ఈసారి ముందు ఇంటికి పోయి, ఆ మధ్యాహ్నం ధర్మవరం నుంచి కొట్టుకు వచ్చాడు నాగభూషణం. వచ్చాడు గానీ కూర్చోలేదు. చెంపలు లోపలికి పోయాయి. రీలు బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమబ్బా, అట్లుండావు? రామప్ప యాడ?" అని అడిగాడు పోతులయ్య.

రామప్ప నాగభూషణం బామ్మర్ది, పెండ్లాం పుష్పావతికి తమ్ముడు. ఇరవై ఆరేళ్ళవాడు. పెండ్లాం యల్లక్క, ఒక చంటిబిడ్డ. చీరల మూట మోయడానికి తోడుగా మొదటిసారి తీరానికి పోయాడు.

"ల్యాడు," అన్నాడు నాగభూషణం. "మల్పె కాడ దీవిలో నీళ్ళల్లోకి దిగినాడు. అల తీసకపాయ. పడవోడు ఇంగా వెనక్కి రాల్యా. నేనొక్కణ్ణే ఉంటి. ఏం చేస్తును."

పోతులయ్య రీలు చేతిలోకి తీసుకున్నాడు.

"శవం గూడా దొరకల్యా. యల్లక్క మూడు దినాల నుంచి ఒగటే మాట. మొగం కావల్లంట. వాని ఫోటో ఇంట్లో ఒగటీ ల్యాదు. బిడ్డకు రెండేండ్లు, రేపు నాయన ఎట్లుంటాడంటే ఏం చూపించేది అంటాది. ఈ రీల్లో ఉండాడు. కడిగి పెట్టు. రేపు ఆయమ్మను పిల్చకొస్తా."

గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఏడే తీసినా. ఎనిమిదోది తీయల్యా."

సాయంత్రం కాకముందే పోతులయ్య చీకటి గదిలోకి పోయాడు. బయట ఎండ ఇంకా ఫెళఫెళ కాస్తోంది. అప్పుడే తోడి తెచ్చిన కడవ నీళ్ళు తొట్టిలో పోసుకున్నాడు. తలుపు గడియ పెట్టి, ఎర్ర బల్బు వేసుకుని, ఫిలిం మందునీళ్ళలో ముంచి అటూ ఇటూ ఆడించసాగాడు.

మొదట వాసన వచ్చింది. మందుల వాసన కాదు. ఆ వాసన ముప్పై ఏళ్ళుగా అతని చేతులకే ఉంది. ఇది పచ్చిది. తడి రాతికి పట్టిన నాచు కుళ్ళినట్టు. తలుపు సందులోంచి వస్తోందేమో అనుకున్నాడు. కానీ బయట మూడు నెలలుగా వాన చుక్క లేదు. ఊళ్ళో నాచు పట్టిన రాయే లేదు.

తర్వాత చప్పుడు. పట్టుచీరను బండ మీద మెల్లగా ఈడ్చినట్టు. ఆగింది. మళ్ళీ ఈడ్చినట్టు. మళ్ళీ ఆగింది. పోతులయ్య చేతులు ఆపి విన్నాడు. అది గదిలోనే ఉంది. గోడ అవతల కాదు.

చెమట కారి కళ్ళలో పడుతుంటే తొట్టిలోని నీళ్ళు దోసిట్లో తీసుకుని ముఖం కడుక్కున్నాడు. కళ్ళు భగ్గుమన్నాయి. పెదవి నాక్కున్నాడు. ఉప్పు. ఇంతకుముందు ఆ కడవలోంచే చెంబుడు తాగాడు, చప్పటి నీళ్ళు.

బయటికి పోదామనుకున్నాడు. కానీ ఫిలిం మందులో ఉంది. వెలుతురు పడితే రామప్ప ముఖం ఇక ఈ లోకంలో ఉండదు. పళ్ళు బిగబట్టి పని సాగించాడు.

ఫిలిం ఆరాక కాగితం మీదికి అచ్చు వేశాడు. మొదటి నాలుగూ ఊళ్ళు, పడవలు. ఐదోదానిలో, ఆరోదానిలో రామప్ప ఉన్నాడు గానీ ముఖం నీడలో పడింది. ఏడోది బాగుంది. రామప్ప నడుము లోతు నీళ్ళలో ఉన్నాడు. ఒక చేయి పైకెత్తాడు. నోరు తెరిచి పకపకా నవ్వుతున్నాడు. పోతులయ్యకు కాస్త ధైర్యం వచ్చింది. ఇది హిందూపురం పంపి పెద్దది చేయిస్తే యల్లక్క గోడకు పెట్టుకోవచ్చు.

అప్పుడు చూశాడు, ఫిలిం చివర ఇంకొక బొమ్మ ఉంది.

నాగభూషణం తీయలేదన్నాడు. పోనీ, ఏదో వెలుతురు పడి ఉంటుంది. అచ్చు వేసి కాగితం మందులో వేశాడు. తెల్లటి కాగితం మీద మెల్లగా నలుపు ఊరింది...

కింది సగం నీళ్ళు. నీళ్ళలోంచి, నీళ్ళతో సమానంగా ఉన్న ఎత్తు నుంచి తీసిన ఫోటో. ఎదురుగా దూలాల్లాంటి రాళ్ళు. ఒక రాయి మీద నాగభూషణం. తల వంచి ఉన్నాడు. రెండు చేతులతో ఏదో గుండెకు అదుముకున్నాడు. పోతులయ్య కాగితం ఎర్ర బల్బు దగ్గరికి ఎత్తి చూశాడు.

అతను అదుముకున్నది కెమెరా.

పాదాల పక్కన, పడవవాడు వదిలిపోయిన తాడు చుట్ట చుట్టి ఉంది. వంగితే అందేంత దగ్గరలో.

చీరను బండ మీద ఈడ్చిన చప్పుడు... ఈసారి అతని చెవి పక్కనే. పోతులయ్య గడియ ఎలా తీశాడో, ఎలా బయటపడ్డాడో అతనికే తెలియదు. ఎండలో మెట్ల మీద కూలబడ్డాడు. చేతిలో ఎనిమిదో ఫోటో అలాగే ఉంది. దాని అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

మర్నాడు పదకొండు గంటల బస్సుకు నాగభూషణం, యల్లక్క వచ్చారు. యల్లక్క చిన్న మనిషి. వచ్చినప్పటి నుంచి కంట నీరు పెట్టలేదు. పోతులయ్య ఏడు ఫోటోలు బల్ల మీద పరిచి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నాగభూషణాన్ని వెనక గదిలోకి పిలిచాడు. తలుపు చేరవేసి, ఎనిమిదో ఫోటో చూపించాడు. పొద్దుటి నుంచి ఎండలో పెట్టినా అది ఆరలేదు.

నాగభూషణం చూశాడు. గోడకు ఆనుకున్నాడు.

"ఇది ఎవురు తీసిరి?" అన్నాడు గొంతులోనే.

"నువ్వే చెప్పల్ల."

నాగభూషణం ఫోటో మీంచి కళ్ళు తిప్పుకున్నాడు. ఆపైన గుసగుసగా చెప్పాడు.

"చెయ్యి ఎత్తినాడు. ఫోటోకేమో అనుకుంటి. అద్దంలోకి చూసి తీసినా. అది ఏడోది. మునిగినాడు. మళ్ళా లేసినాడు. నేను ఫిలిం చుట్టి... మళ్ళా అద్దంలోకి చూస్తి."

"అప్పటికి తెలుసునా నీకు?"

"తెలుసు."

"తాడు కాళ్ళకాడే ఉండాది గదప్పా."

"అద్దంలో చూస్తాంటే అది ఫోటో మాదిరి ఉంటాది, పోతులన్నా. తల ఎత్తితే నిజమయితాది. నేను తల ఎత్తల్యా. అద్దంలో నీళ్ళు ఒగటే మిగిలేదాకా ఎత్తల్యా."

పోతులయ్యకు అతని మీద కోపం రావాలి. రాలేదు. ఆ చిన్న గదిలో అతని పక్కన నిలబడలేక మాత్రం తలుపు వైపు జరిగాడు.

"ఆ ఫిలిం ముక్క ఇయ్యి," అన్నాడు నాగభూషణం. "నా చేత్తో కాలుస్తా. యల్లక్కకు తెలిస్తే... పుష్పావతికి తెలిస్తే నేను ఇంగ ఆ ఇంట్లో ఎట్ల ఉండేది?"

పోతులయ్య ఫిలిం చివరి ముక్క కత్తిరించి, అగ్గిపెట్టెతో పాటు ఇచ్చాడు. ఫోటో మాత్రం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడంటే చెప్పలేడు. అతనొక్కడే బయటికి రాగానే వెనక తలుపు గడియ పడింది.

యల్లక్క చేతిలో ఏడోది ఉంది.

"అదే బాగుండాదమ్మా," అన్నాడు పోతులయ్య. "నవ్వుతాండాడు."

"ఇది నవ్వు కాదన్నా," అంది యల్లక్క. "నవ్వితే ఆయప్పకు కండ్లు మూసుకపోతాయి. ఈడ తెరుసుకోని ఉండాడు. ఎవుర్నో పిలుస్తాండాడు."

అప్పుడే వెనక గదిలోంచి ఆ చప్పుడు మొదలైంది. మెల్లగా ఈడ్చినట్టు... ఆగింది. మళ్ళీ. ఈసారి పెద్దగా. యల్లక్క తలెత్తి తలుపు వైపు చూసింది.

"లోపల ఏమది?"

లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఇంకొకటి. ఇంకొకటి. అంటుకోవడం లేదు. ఆ వెంటనే నాగభూషణం గొంతు, ఎవరితోనో బతిమాలుతున్నట్టు.

"తాడు వేస్తా... వేస్తాండా రామప్పా... రొంత ఉండు..."

తలుపు కింది నుంచి నీళ్ళు వచ్చాయి. సన్నటి పొరలా బండల మీద పాకి, యల్లక్క కాళ్ళ దగ్గర ఆగి, మళ్ళీ తలుపు కిందికి వెనక్కి పోయాయి.

పోతులయ్య తలుపు బాదాడు. టీకొట్టు రామాంజనేయులు పరుగెత్తుకొచ్చి భుజంతో మూడుసార్లు కుమ్మితే గడియ ఊడింది. గదిలో నేలంతా పొడిగా ఉంది. తొట్టి ఖాళీ. నాగభూషణం గోడ వారన బోర్లా పడి ఉన్నాడు. తల నుంచి పాదాల దాకా తడిసి, బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. వెనక్కి తిప్పితే నోట్లోంచి ఇసుక జారింది. చేతిలో ఫిలిం ముక్క లేదు. గది అంతా వెతికినా దొరకలేదు.

డాక్టరు వచ్చి నాడి చూసి, గుండె ఆగిందన్నాడు. తడి బట్టల సంగతి అడగబోయి, చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూసి అడగలేదు.

పొద్దు వాలక ముందే ఎద్దుల బండి మాట్లాడారు. శవాన్ని ఎక్కించాక, యల్లక్క ఫోటోలు కొంగులో కట్టుకుని పోతులయ్య దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా లేవు. తేటగా ఉన్నాయి.

"అన్నా, నిజం చెప్పు. లోపల తాడన్న మాట నేను వింటి. ఇంగొగ ఫోటో ఉండాదా?"

జేబులో ఫోటో చొక్కాను తడిపి గుండెకు చల్లగా తగులుతోంది. చెబితే ఆ ఇంట్లో రెండు చావులకు తోడు ఏం మిగులుతుంది? పుష్పావతి మొగుణ్ణి ఏడ్వాలా, తమ్ముణ్ణి ఏడ్వాలా? పోయినవాడి మీద ఇప్పుడు ఈ మాట ఎందుకు? చెప్పకపోవడమే మంచిది అనుకున్నాడు పోతులయ్య.

"ల్యాదమ్మా," అన్నాడు. "ఏడు ఫోటోలే ఉండాయి."

యల్లక్క కాసేపు అతని ముఖంలోకే చూసింది. తల ఊపి, బండి ఎక్కి, శవం పక్కన కూర్చుంది. బండి ధర్మవరం దారి పట్టింది.

బండి కనుమరుగయ్యాక పోతులయ్య ఎనిమిదో ఫోటో తీసి రామాంజనేయులు పొయ్యిలో పడేశాడు. బొగ్గులు చురచురమని ఆరిపోయాయి. పొయ్యి మళ్ళీ అంటించడానికి చాలాసేపు పట్టింది. ఫోటో ఏమైందో ఇద్దరూ చూడలేదు.

ఆ రాత్రి కొట్టులోనే పడుకున్నాడు. నిద్ర పట్టింది. ఏ చప్పుడూ రాలేదు. వాసనా లేదు. పోయినవాడు పోయినవాళ్ళతో పోయాడు, ఇంతటితో అయిపోయింది అనుకున్నాడు.

తెల్లారి తలుపు తీస్తే వీధిలో మేకలు నిలబడి ఉన్నాయి. రొద్దం వైపు నుంచి తోలుకొచ్చిన మంద. కాపరి పోతప్ప కర్రతో ఎంత అదిలించినా కదలడం లేదు. తలలు వంచి వీధి బండలు నాకుతున్నాయి.

"ఏమో ఉప్పుండాది సామీ ఈడ," అన్నాడు పోతప్ప. "బస్సులకాడ నుంచీ ఇదే పని. నాకుతా నాకుతా వస్తాండాయి."

పోతులయ్య వంగి చూశాడు. బండల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. అడుగడుక్కీ ఒక్కో మచ్చ. వట్టి కాళ్ళ జాడలు. ఐదు వేళ్ళూ, మడమా విడివిడిగా తెలుస్తున్నాయి. తడి కాళ్ళతో ఎవరో నడిచిపోతే, నీళ్ళు ఎండి ఉప్పు మిగిలినట్టు.

రామప్ప ధర్మవరం పోయే బండి వెనకే పోయాడు కాబోలు అనుకున్నాడు. అనుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ చూశాడు.

వేళ్ళు ధర్మవరం వైపు లేవు. బస్సులు ఆగే చోటు నుంచి కొట్టు వైపు తిరిగి ఉన్నాయి. వీధి దాటాయి. మొదటి మెట్టు మీద రెండు పాదాలు. రెండో మెట్టు మీద రెండు పాదాలు.

మూడో మెట్టు మీద ఏమీ లేదు.

ముందున్న పెద్ద మేక రెండో మెట్టు దాకా ఎక్కింది. నాకడం ఆపి, తల ఎత్తి, పోతులయ్యను కాదు, అతని భుజం మీదుగా గది లోపలికి చూస్తూ నిలబడిపోయింది.