పాత కన్నంలోనే సూది

ఉదయం ఏడింటికి దర్జీ వంటింటి గడప దగ్గర ఆగిపోయాడు. కాళ్లను ఎవరో నేలకు కలిపి కుట్టేసినట్టు ఒక్క అడుగు కదల్లేదు. ఒకప్పుడు ఆయన కుట్టిన చొక్కా తొడిగితే గాడిద కూడా పెళ్లికొడుకులా నడిచేదని వీధిలో చెప్పుకునేవారు. ఇప్పుడు ఆయనకే నడక కరువైంది.

పార్కిన్సన్స్ జబ్బు వచ్చి తొమ్మిదేళ్లు. రెండు గంటలకో మాత్ర మింగినా, మధ్యలో మందు తగ్గగానే ఒళ్లు కర్రలా బిగుసుకునేది. అందుకే డాక్టరు నడుముకు చిన్న పంపు కట్టించాడు. పొట్ట చర్మం కింద గుచ్చిన సన్నటి సూది గుండా మందు పగలంతా చుక్కచుక్కగా ఎక్కుతుంది. మొదటి నెల నర్సు రోజూ వచ్చి సూది పెట్టింది. దర్జీ వీధి చివరిదాకా నడిచాడు. రెండో నెల ఆ పని భార్య చేతికి వచ్చింది. నడక మళ్లీ మొదటికి వచ్చింది.

“ఇక ఆ పంపు తీయించేద్దాం. నర్సుకు ఫోన్ చేస్తాను,” అంది కూతురు, ఆఫీసు సంచి భుజాన వేసుకుంటూ.

“తీసేస్తే మళ్లీ మాత్రలేగా. మంచం దిగలేరు,” అంది తల్లి.

“ఉండి మాత్రం ఏం దిగుతున్నారు? రోజూ సూది చోటు మారుస్తున్నావా అసలు?”

“మారుస్తున్నాను,” అంటూ తల్లి పొయ్యి వైపు తిరిగింది.

కూతురు తండ్రి చొక్కా ఎత్తి చూసింది. బొడ్డుకు కుడిపక్కన గుండీ అంత గడ్డ, ఎర్రగా. మిగతా పొట్టంతా కొత్త గుడ్డ తానులా ఉంది.

“ఇదా మార్చడం? నీ బద్ధకానికి నాన్న కాళ్లు పోతున్నాయమ్మా.”

తల్లి తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది.

“మీ అమ్మను అనకు,” అన్నాడు దర్జీ. గొంతు సూది బెజ్జంలోంచి వచ్చినంత సన్నగా ఉంది. “నేనే మార్చనివ్వలేదు. గుడ్డకు ఒక కన్నం పడ్డాక ఇంకోటెందుకు? కుట్టు విప్పినా పాత కన్నంలోనే దించాలి. నలభై ఏళ్లు అదే చేశాను.”

“నువ్వేమైనా గుడ్డవా నాన్నా?”

“ఖరీదైన గుడ్డనే.”

కూతురికి నవ్వు రాలేదు. “నువ్వైనా చెప్పొచ్చుగా అమ్మా.”

“ఈ ఒంటితో ఆయన నీ తిట్లు కూడా ఏం పడతారు? నాకైతే అలవాటే.”

కూతురు సంచి దింపేసి గడప మీదే కూర్చుంది. కళ్లు తుడుచుకోవడానికి తండ్రి చొక్కా అంచే దొరికింది.

మధ్యాహ్నం నర్సు గడ్డ నొక్కి చూసింది. “పంపుకేం కాలేదు. గట్టిపడిన చోట మందు ఒంటికి పట్టడం లేదు. కొన్ని వారాలు ఇటు ముట్టుకోకండి,” అని సూది ఎడమవైపు పెట్టింది.

సాయంత్రానికి వేళ్లు కాస్త సడలాయి. దర్జీ కాగితం, టేపు అడిగాడు. తన పొట్టకు తానే కొలత తీసుకుని, ఏ రోజు సూది ఎక్కడ దించాలో కాగితం మీద గుర్తులు పెట్టాడు. కూతురు ఆ కాగితాన్ని పొట్ట మీద ఆనేలా కత్తిరించింది. గడ్డ ఉన్నచోట మాత్రం గుర్తు లేదు.

నాలుగో రోజు ఉదయం తల్లి చర్మం శుభ్రంగా తుడిచి, నాలుగో గుర్తు చూసి సూది పెట్టింది. పక్కనే నిలబడ్డ కూతురు నెమ్మదిగా అంది: “అమ్మా, ఆ రోజు అన్న మాట...”

“దర్జీ పెళ్లాన్నే. ఆ మాత్రం కుట్టు విప్పడం రాదా నాకు?”

కాసేపటికి దర్జీ లేచాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కాలెత్తి దాటాడు.

“చూశావా, గాడిద నడిచింది,” అన్నాడు.

ఈసారి తల్లీకూతుళ్లిద్దరూ నవ్వారు. ఇద్దరి కళ్లూ తడిగానే ఉన్నాయి.