మిద్దె మీది మన్ను

పొద్దున్నే ఖాజాసాబ్ దూది విల్లు మీటడం మొదలుపెట్టగానే, పక్క వాటాలో ఇంటి యజమాని తిప్పేస్వామి దగ్గడం మొదలుపెట్టాడు. ఇది రోజూ ఉండేదే. ఆయనకు నిజంగానే దగ్గు వస్తుందో, దూది దుమ్ము తనకు పడదని గుర్తు చేయడానికి దగ్గుతాడో ఖాజాసాబ్ భార్య షంషాద్‌బీకి ఇన్నేళ్ళయినా తేలలేదు. హిందూపురంలో పరుపులు కుట్టేవాళ్ళకు ఇల్లు అద్దెకు దొరకడమే గొప్ప, ఇచ్చినవాడు దగ్గితే దగ్గనీ అని ఓర్చుకుంటూ వచ్చింది. ఆ ఎండాకాలం దగ్గు చాలక నోటితోనే చెప్పేశాడు, వానల్లోపల ఖాళీ చేయమని.

ఇది డెబ్బై ఎనిమిదిలో మాట. సరిగ్గా అప్పుడే ఖాజాసాబ్ అక్క హసీనాబీ తన ఇల్లు అమ్ముతానంది. పెనుకొండకు ఇవతల రోడ్డు పక్కనే గుట్టకిందపల్లిలో రాతి గోడల మిద్దె. బస్సు ఇంటి ముందే ఆగుతుంది, దూది ఆరబోసుకోవడానికి పెద్ద వాకిలి ఉంది. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. మోకాళ్ళు సహకరించడం లేదు, మడకశిరలో ఉన్న కూతురు వచ్చేయమంటోంది. పరాయివాళ్ళకు ఎందుకు, తమ్ముడే తీసుకోనీ అని ఆమె అంది, ఖాజాసాబ్ అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు.

ఆ మాట విని అందరికంటే ఎక్కువ సంబరపడింది షంషాద్‌బీనే. సొంత ఇల్లు! విల్లు ఏ దూలానికి వేలాడదీయాలో, కూతురు రోషన్ చదువుకోవడానికి ఏ మూల వెలుతురుగా ఉంటుందో మనసులోనే సర్దేసుకుంది. ఒక్కటే ఆమెను పీకుతూ ఉంది. ఆ ఇంటి లోపలి గది తలుపు.

మొన్న పండగకు పోయినప్పుడు ఆ తలుపు వేయబోతే పడలేదు. భుజం పెట్టి నెట్టాల్సి వచ్చింది. వానకు చెక్క ఉబ్బిందిలే అని వదిన తేలిగ్గా అనేసింది. వాన ఎక్కడిది, నేల నోరు తెరుచుకుని ఉంటే? షంషాద్‌బీ తలెత్తి చూసింది. తలుపు పై అంచు చిత్రిక పట్టి ఉంది. ఒకచోట పాత చిత్రిక నల్లబడిపోయింది, దాని పక్కన ఇంకొకటి తెల్లగా కొత్తగా కనిపిస్తోంది. ఉబ్బిన తలుపును పక్కన చెక్కుతారు గానీ నెత్తి మీద చెక్కుతారా? అప్పుడు ఏమీ అనలేదు. అననంత మాత్రాన మరిచిపోయే మనిషి కాదు.

ఆ పొద్దున టీ గ్లాసు మొగుడి ముందు పెట్టి చెప్పేసింది.

"మేస్త్రీని పిలిపించి ఇల్లు చూపిద్దాం. పునాది కాన్నించి మిద్దె దాకా అంతా చూడల్ల. ఆ తర్వాతే రిజిస్ట్రీ."

విల్లు మోత ఆగిపోయింది. పక్క వాటాలో దగ్గు కూడా ఆగింది.

"అక్క ఇంటికి మేస్త్రీనా? బుద్ధుండే మాట్లాడుతాండావా? ఆ మిద్దె నాకు తెల్దా? బావ పోయినప్పటి నుంచి ఏటేటా చవుడేసింది ఎవరనుకున్నావు?"

ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. ఆ వైపు మట్టి మిద్దెలు కారకుండా ఉండాలంటే వానలకు ముందు మీద చవుడు మన్ను పరవాలి. తల్లి లేని ఖాజాసాబ్‌ను అక్కే అన్నం పెట్టి పెంచింది. బావ పోయిన రోజున, నా కంఠంలో ప్రాణముండగా అక్క ఇల్లు ఒక చుక్క కారదు అని నలుగురిలో అన్నాడు. అన్నట్టే ప్రతి ఏడూ మృగశిర కార్తెకు ముందు అంగడి మూసి పల్లెకు పోయేవాడు, తట్టలు తట్టలుగా మన్ను మోసి మిద్దెకు వేసి వచ్చేవాడు. ఆ ఇంట్లో దేని మీదైనా గొడవ పడొచ్చు, ఆ పని మీద మాత్రం ఎవరూ నోరెత్తరు.

షంషాద్‌బీ ఎత్తింది. మొహమాటానికి పోతే మొదటికే మోసం వస్తుందని ఆమె నమ్మకం.

"అర్ధరూపాయి కుండను తట్టి చూసి కొంటాం. పరుపు కొనేవాళ్ళు కుట్టు విప్పి దూది చూపించమంటే నువ్వే విప్పి చూపిస్తావు. ఇల్లు మటుకు కండ్లు మూసుకొని కొనల్లనా?"

ఖాజాసాబ్ టీ చల్లారిపోయిందని అరిచాడు. జవాబు లేనప్పుడు మొగవాళ్ళకు టీ చల్లారిపోతుంది. ఆమె ఇంకో గ్లాసు వేడిగా పోసిచ్చి, ఆ మధ్యాహ్నమే బస్సెక్కి పెనుకొండ పోయి, ఉలిగప్ప మేస్త్రీతో మాట్లాడి వచ్చింది.

ఉలిగప్ప పెద్ద వాగుడుకాయ. ఆకూ వక్కా నమిలితే గానీ పని మొదలుపెట్టడు, చూసిన ప్రతి ఇంటికీ జాతకం చెప్తాడు. కానీ పాత మిద్దెల సంగతికొస్తే ఆ చుట్టుపక్కల ఆయన మాటకు తిరుగులేదు.

అనుకున్న రోజు ఖాజాసాబ్ సణుగుతూనే వెంట వచ్చాడు. ముగ్గురూ గుట్టకిందపల్లి చేరేసరికి హసీనాబీ పూర్ణం కూరి ఓళిగలు చేసి పెట్టుకుని ఎదురు చూస్తోంది. రిజిస్ట్రీకి మంచి రోజు చెప్పడానికి వస్తున్నారని ఆమె అనుకుంది. తమ్ముడి వెనక తూకం గుండు, గడ్డపార పట్టుకున్న మనిషిని చూడగానే ముఖం మాడిపోయింది. చేతిలోని ఓళిగల పళ్ళెం అరుగు మీద పెట్టేసింది.

"ఏమిటికబ్బా ఈయన? నేను మిమ్మల్ని మోసం చేస్తానని చూసుకోను పిలుచుకొచ్చినారా?"

ఖాజాసాబ్‌కు ఊరు విడిచి పారిపోవాలనిపించింది. నేను కాదక్కా, అంతా ఆయమ్మ పనే అని గొణిగాడు. ఆ తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, మేస్త్రీని పంపించేయ్, ఇల్లు ఎట్లుంటే అట్లనే కొంటాను, మాటంటే మాటే అన్నాడు. అక్క పెట్టిన అన్నం తిన్నవాడిని అని కూడా అన్నాడు. హసీనాబీ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. వీధిలో పోయేవాళ్ళు నిలబడి చూస్తున్నారు.

షంషాద్‌బీ గొంతు పెంచలేదు. పోయి గడప మీద కూర్చుంది.

"వదినా, నా పెండ్లప్పుడు నా తల దువ్విన చెయ్యి నీది. నిన్ను నేను అనుమానించల్యా, ఆ తలుపును అనుమానిస్తాండా. రేపు ఆ దూలం కింద పండుకునేది నా బిడ్డ. ఈ పొద్దు దాని కింద పండుకుంటాండేది నువ్వు. చూడనియ్యి. ఏమీ లేదని తేలితే, ఈ ఊరందరి ముందరా నీ కాళ్ళు పట్టుకుంటా."

హసీనాబీ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆఖరికి, చూసుకోండి అని ఒక్క మాట అని పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది.

ఉలిగప్ప ముందు బయట గోడల చుట్టూ తిరిగాడు. మూల మూలకూ తూకం గుండు వేలాడదీసి ఒక కన్ను మూసి చూశాడు. పునాది పక్కన కొంచెం తవ్వించి రాయి తట్టాడు. చెమ్మ ఎక్కడుందో అరచేయి ఆనించి చూశాడు. కొండ మాదిరి ఉండాది గోడ, నీ మనవడి మనవడు కూడా ఉండొచ్చు అని తేల్చాడు. ఖాజాసాబ్ తన పెళ్ళాం వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపులో పొద్దున్నుంచీ పడ్డ అవమానమంతా ఉంది. షంషాద్‌బీ ఆ చూపును పట్టించుకోలేదు, మేస్త్రీని లోపలి గదిలోకి తీసుకుపోయింది.

అక్కడ ఉలిగప్ప మాటలు తగ్గాయి. తలుపు వేసి తీసి చూశాడు. నిచ్చెన ఎక్కి, దూలం గోడలోకి దిగిన చోట పొడవాటి మేకు ఆనించి బొటనవేలితో నొక్కాడు. సుత్తి లేకుండానే ఆ మేకు అరటి బోదెలోకి దిగినట్టు దిగిపోయింది. బయటికి లాగితే దాని వెంట చెదల మన్ను రాలింది. ఆయన నోట్లోని ఆకు ఉమ్మేసి, మిద్దె మీదికి ఒక్క ఖాజాసాబ్‌నే రమ్మన్నాడు. మిగిలినవాళ్ళను ఆ గదిలో నిలబడొద్దన్నాడు.

మీద ఒక మూల గడ్డపారతో గుంత తీశాడు. మన్ను జానెడు లోతుండాలి. గుంత మోకాటి దాకా దిగినా కింద పరిచిన కర్రలు కనబడలేదు. గుంత పక్కన మన్ను వరసలు వరసలుగా, ఒకదాని మీద ఒకటి తెల్లగా బూడిద రంగుగా తేలి ఉంది.

"ఇంత మన్ను ఎవరేసినారబ్బా?"

"నేనే."

"కొత్తది ఏసే ముందర పాతది గోకి తియ్యల్యా?"

ఖాజాసాబ్ గుంతలోకి వంగి ఆ వరసలు చూశాడు. తీయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన బావ పోయాడు. అక్క ఇల్లు కారకూడదు, అంతే తెలుసు. ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిదనుకుని ఒక్కో ఏడు పక్కింటివాళ్ళు వేసేదానికి రెండింతలు వేశాడు.

"చుక్క కారదు, నిజమే. కానీ దూలం మొయ్యాల్సింది ఈ మన్నును కదప్పా. అది కుంగి తలుపు నెత్తిన కూచునింది. ఇప్పుడు పొడిగా ఉండాది కాబట్టి నిలబడింది. ఈ ఏటి వానకి తడిసి బరువెక్కితే నిలబడదు" అన్నాడు ఉలిగప్ప.

పక్కనే గదిలోకి వెలుతురు కోసం మిద్దెకు వదిలిన గవాక్షి ఉంది. ఖాజాసాబ్ దాంట్లోంచి కిందికి చూశాడు. సరిగ్గా దూలం కింద అక్క మంచం ఉంది. దాని మీద తను కుట్టి ఇచ్చిన పరుపు, తలగడ, మడతపెట్టిన దుప్పటి ఉన్నాయి. నిచ్చెన దిగడానికి మేస్త్రీ చేయి పట్టుకోవాల్సి వచ్చింది.

పొయ్యి దగ్గరికి పోయి అక్క ముందు కూలబడ్డాడు.

"అక్కా, పాత దూది తీసి ఏకకుండా మీద కొత్తది కూరేవాడిని నేను అంగట్లో అడుగు పెట్టనియ్యను. నేనే... నీ నెత్తిన ఇన్నేండ్లూ నేనే మన్ను పోసినా" అని, చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు.

సంగతంతా ఉలిగప్ప చెప్తుంటే హసీనాబీ విన్నది. కోపం ఎటు పోయిందో తెలియదు. తమ్ముడి తల మీద చేయి పెట్టింది.

"తప్పు నాది కూడా ఉండాదిలే. ఆ తలుపు బిగుసుకుంటే ఆచారిని పిలిచి చెక్కించినా. మళ్ళా బిగుసుకుంటే మళ్ళా చెక్కించినా. నీకి చెప్పల్యా."

"ఎందుకు చెప్పల్యా వదినా?" షంషాద్‌బీ అడిగింది.

హసీనాబీ పొయ్యిలోని బూడిదను చూస్తూ చెప్పింది.

"చెప్తే మన్ను మిద్దె తీసేసి రేకులేస్తాడు. రేకులేస్తే చవుడుతో పనేముండాది? పండగకి వస్తే సాయంత్రం బస్సుకి పోతారు. చవుడేసేటప్పుడు వాడు ఈడ నాలుగు దినాలుంటాడు. నా చేతి సంగటి తింటాడు. బావ మాటలు మాట్లాడతాడు. ఏడాదంతా నేను ఆ నాలుగు దినాల కోసమే చూస్తాంటి. ఇల్లు కూలుతాదని నాకేం తెలుసు తల్లీ?"

షంషాద్‌బీ మొగుడి వైపు చూసింది. ఇన్నేళ్ళూ అంగడి మూసి పోతున్నాడని లోలోపల సణుక్కున్నది తనే. కళ్ళు తుడుచుకుని, కొంగు బిగించి, లోపలి గదిలోకి పోయింది. ఉండమ్మా అని ఉలిగప్ప అంటున్నా వినకుండా మంచం ఈడ్చుకొచ్చి వాకిట్లో వేసింది.

"ఇల్లు కొంటాం వదినా, మాట తప్పం. గోడలు గట్టివని మేస్త్రీ చెప్పినాడు కదా. ముందర మన్ను దింపి దూలం మారుస్తాం, రిజిస్ట్రీ ఆ తర్వాత. మడకశిరకి పోవాలనిపిస్తే పో, రావాలనిపిస్తే రా. నీ మంచం మటుకు ఈ ఇంట్లోనే ఉంటాది."

అప్పుడు గుర్తొచ్చినట్టు హసీనాబీ అరుగు మీది పళ్ళెం తెచ్చి, మొదటి ఓళిగ ఉలిగప్ప చేతిలో పెట్టింది. ఆయన తింటూ తింటూ ఆ ఇంటి జాతకం మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.

మన్ను దింపడం మోసినంత సులువుగా కాలేదు. వాకిట్లో గుట్ట లేచింది, బండ్లతో బయటికి తోలించారు. ధర్మవరం కట్టెల అడితి నుంచి కొత్త దూలం వచ్చింది. కొత్త కర్రలు పరిచి మీద జానెడు మన్ను వేశారు, ఉలిగప్ప దగ్గరుండి జానతో కొలిచి మరీ వేయించాడు. తలుపు పైన కొత్త చెక్క ముక్క అతికించాల్సి వచ్చింది, రెండుసార్లు చెక్కిన చోట అంత సందు పడింది. ఇప్పుడది వేలితో నెడితే పడుతుంది. వీళ్ళు హిందూపురం వాటా ఖాళీ చేసి వచ్చేటప్పుడు, తిప్పేస్వామి దగ్గుతూనే సామాన్లు బండికెక్కించడానికి సాయం చేశాడు.

హసీనాబీ మడకశిర ప్రయాణం వానలు వెలిసేదాకా వాయిదా వేసుకుంది. అందరూ అన్నానికి కూర్చున్న ఒక సాయంత్రం, పెనుకొండ కొండ మీదుగా మొదటి వాన దిగింది. ఖాజాసాబ్ ముద్ద నోట్లో పెట్టుకోకుండా మిద్దె వైపే చూస్తున్నాడు. గవాక్షి పక్కన ఒక చుక్క ఊరింది. అది పెద్దదై, టప్పున హసీనాబీ కంచం పక్కన పడింది.

ఆయన ముఖం పాలిపోయింది. హసీనాబీ మాత్రం లేచి, చిన్న సత్తు గిన్నె తెచ్చి, ఆ చుక్క పడేచోట పెట్టి, నవ్వుతూ కూర్చుంది.

"కారనీలేరా. వచ్చే ఏడు చవుడేస్తువులే."

"పాతది గోకి ఏస్తాలేక్కా" అన్నాడు ఖాజాసాబ్, కళ్ళు తుడుచుకుంటూ.

షంషాద్‌బీ ఇద్దరి కంచాల్లోనూ ఇంకొంచెం సంగటి వేసింది.