పోపుల డబ్బా పక్కన

గరగరమంటూ గరాజ్ తలుపు పైకి లేచిన చప్పుడుకి శ్రీవల్లికి మెలకువ వచ్చింది. పెళ్ళై రెండు నెలలైనా ఆ చప్పుడు ఆమెకింకా ముచ్చటగానే ఉంది. ఇర్వింగ్‌లో ముగ్గురమ్మాయిలతో అద్దె అపార్ట్‌మెంట్లో ఉండి ఎమ్మెస్ చదువుకున్న పిల్లకి ఫ్రిస్కోలో అత్తవారిల్లు, దానికో గరాజ్, దాన్ని తెరవడానికి తన తాళాల గుత్తికే ఓ బుల్లి మీట. ఇంకేం కావాలి?

కింద వంటింట్లో శ్రీహర్ష కాఫీ కలుపుతున్నాడు. అమెరికాలో పెరిగినవాడు కాబట్టి డికాషన్ కన్నా నురుగు ముఖ్యమని అతని నమ్మకం.

"నురుగులో హార్ట్ వేశాను, చూడు" అన్నాడు కప్పు అందిస్తూ.

శ్రీవల్లి తొంగి చూసింది. "వంకాయలా ఉంది హర్షా."

"వంకాయ నీకిష్టమేగా?"

నిజమే. చివరి చుక్క దాకా ఇష్టంగా తాగింది.

ఇంతలో అత్తగారు నాగమల్లేశ్వరి గరాజ్‌లోంచి వచ్చారు. "అమ్మాయ్, తడి చేతులతో అటు రాకు. ఆవకాయకి తడి తగిలితే ఊరంతా నన్నే తిడుతుంది."

ఏటా వేసవి మొదట్లో ఆ చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళంతా ఒకరింట్లో చేరి ఆవకాయ కలిపి అమ్ముతారు. ఎవరి గరాజ్‌లో కలిపితే వాళ్ళే చెప్పాలి, వచ్చిన డబ్బు ఏ మంచిపనికి ఇవ్వాలో. మిగతావాళ్ళు కాదనకూడదు. ఈసారి వంతు నాగమల్లేశ్వరిది.

ఆవిడంటే శ్రీవల్లికి భయం లేదు. కాపురానికి వచ్చిన మర్నాడే కోడలికి వంటిల్లంతా తిప్పి చూపించి, "ఇక ఇది నీది కూడా" అన్నారు. స్టవ్ పక్కనున్న చివరి సొరుగు దగ్గర మాత్రం, "అందులో ఏవో పాత సామాన్లులే" అని దాటేశారు.

మరిది రఘు మెట్లు దిగి వచ్చాడు. రెండేళ్ళ క్రితం హైవే మీద జరిగిన ప్రమాదంలో అతని వెన్నుకి ఆపరేషన్ అయింది. ఇప్పటికీ కాస్త ఒరిగి నడుస్తాడు. ప్రతి శనివారం సాయంత్రం లైబ్రరీ వెనక గదిలో జరిగే 'సర్కిల్'కి వెళ్తాడు. అది నడుంనొప్పి వాళ్ళ బృందమని శ్రీవల్లి అనుకుంటూ ఉంది. ఎవరూ కాదనలేదు.

"అమ్మా, సర్కిల్ క్లోజ్ చేస్తున్నారు" అన్నాడు రఘు. "గ్రాంట్ అయిపోయింది. ఈ నెల లాస్ట్."

నాగమల్లేశ్వరి అప్పటికే పొడిగా ఉన్న చేతుల్ని మళ్ళీ తుడుచుకున్నారు. శ్రీవల్లికి మాత్రం వెంటనే మంచి ఆలోచన తట్టింది.

"అత్తయ్యా, ఈసారి గరాజ్ మనదేగా. డబ్బు రఘు వాళ్ళకే ఇచ్చేద్దాం. నడుంనొప్పి లేని ఆంటీ ఎవరున్నారు? అందరూ సంతోషిస్తారు."

హర్ష కప్పు కడగడం ఆపేశాడు. రఘు నేలకేసి చూశాడు.

"మన తెలుగువాళ్ళ హాల్‌కి మైకులు కొనాలనుకున్నాం. ఆ మాట ఇక వదిలెయ్" అన్నారు నాగమల్లేశ్వరి. ఆ గొంతు శ్రీవల్లి ఎప్పుడూ వినలేదు.

పది దాటేసరికి గరాజ్ నిండిపోయింది. పెద్ద పెద్ద బేసిన్లలో మామిడి ముక్కలు, కారం, నువ్వుల నూనె, మధ్యమధ్యలో కబుర్లు. గిరిజ ఆంటీది అందరిలోకీ పెద్ద గొంతు. అసలే టెక్సస్ పుప్పొడి, పైన ఆవపిండి, పాపం ఆవిడ ముక్కు పూర్తిగా పట్టేసింది.

"వల్లీ, ముక్కులో కొట్టుకునే స్ప్రే ఏదైనా ఉంటే పట్రామ్మా. ఇక్కడే పోయేలా ఉన్నాను."

శ్రీవల్లి లోపలికి పరిగెత్తింది. బాత్రూముల్లో దొరకలేదు. వంటింట్లో వెతుకుతూ వెతుకుతూ ఆ చివరి సొరుగు లాగింది. పాత కొవ్వొత్తుల వెనక చిన్న తెల్లటి పెట్టె, దాని మీద ముక్కు బొమ్మ. ఈ ఇంట్లో ఒక వస్తువుని తనంతట తాను కనిపెట్టినందుకు మురిసిపోతూ తీసుకెళ్ళింది.

గిరిజ ఆంటీ రేకు చింపి, ముక్కులో పెట్టి ఒక్క నొక్కు నొక్కారు.

"అబ్బ, ఏంటే ఇది, ఫైరింజన్‌లా కొట్టింది" అంటూ కళ్ళజోడు సర్దుకుని పెట్టె తిప్పి చదివారు. ముఖంలో నవ్వు పోయింది. "మల్లేశ్వరీ, ఇది ముక్కు మందు కాదు. మత్తుమందులు ఎక్కువై ఊపిరాగిపోయే వాళ్ళకి కొట్టేదట. మీ ఇంట్లో ఎందుకుంది?"

బేసిన్లలో చేతులన్నీ ఆగిపోయాయి.

"మావారి ఆఫీసులో ఇచ్చారు, ఏదో సేఫ్టీ అని" అన్నారు నాగమల్లేశ్వరి. వెంటనే కోడలి వైపు తిరిగారు. "ఏది ఎక్కడ తియ్యాలో తెలియక్కర్లేదా నీకు?"

శ్రీవల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏది ఎక్కడుందో నాకు చెప్పారా అత్తయ్యా?"

"ఆంటీ, అది నాది." నూనె డబ్బాలు మోసుకొచ్చిన హర్ష పక్కనే నిలబడి ఉన్నాడు రఘు. "మీకేం కాదు. బాడీలో ఆ డ్రగ్స్ లేకపోతే అది ఏం చెయ్యదు."

"రఘూ, లోపలికి వెళ్ళు."

"వెళ్ళను అమ్మా. వదినని ఎందుకు తిడుతున్నావ్?" అన్నయ్య కేసి తిరిగాడు. "వదినకి చెప్పలేదా నువ్వు?"

హర్ష తల దించుకున్నాడు. "అమ్మ ఒట్టు పెట్టించుకుంది."

శ్రీవల్లి అతని వైపు ఒక్క చూపు చూసింది. పొద్దుటి వంకాయ ఎటో పోయింది.

రఘు తన వచ్చీరాని తెలుగులోనే చెప్పాడు. "ఆక్సిడెంట్ తర్వాత పెయిన్ పిల్స్ ఇచ్చారు. నొప్పి పోయింది, పిల్స్ పోలేదు. ఆ రోజు నా పక్క సీట్లో నా ఫ్రెండ్ తేజేశ్వర్ ఉన్నాడు. వాడు ఇంటికి రాలేదు. అది గుర్తొస్తే ఇంకో పిల్. సర్కిల్‌లో ఎవరూ తిట్టరు. బయట బ్రేక్ సౌండ్‌కి నేను భయపడితే నవ్వరు, ఆ రోజు ఏం జరిగిందో చెప్పేదాకా కూర్చుంటారు. ఈ స్ప్రే కూడా వాళ్ళే ఇచ్చారు. పోయిన వింటర్ బాత్రూమ్‌లో పడిపోతే అమ్మే నాకు కొట్టింది."

గిరిజ ఆంటీ పెట్టె ఇంకా పట్టుకునే ఉన్నారు. "మానకుండా వాడేవాళ్ళకి కూడా ఇస్తారా ఇది? అలవాటుని ముద్దుచేసినట్టు కాదూ?"

"బతికుంటేనే కదా ఆంటీ మానేది."

ఆ మాటకి నాగమల్లేశ్వరి స్టూల్ మీద కూలబడిపోయారు. కారం చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు.

"వీడి పెదాలు నీలంగా అయిపోయాయి గిరిజా. మందు కొట్టి, వీడు ఊపిరి తీసుకునేదాకా నేను తీసుకోలేదు" అన్నారు. "ఆ గది లేకపోతే నాకు కొడుకు లేడు. అది మూసేస్తారని పొద్దున వీడు చెప్తే, నలుగురూ ఏమనుకుంటారోనని మైకులన్నాను. తల్లినేనా నేను?"

శ్రీవల్లి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ కోడలి మోచేతికి తన మోచెయ్యి ఆనించి, కాసేపటికి తల ఎత్తారు.

"ఈసారి గరాజ్ నాది. డబ్బు రఘు వాళ్ళ సర్కిల్‌కి. వీళ్ళకి తోడు కూర్చునే మనుషులకీ, ఈ మందుకీ."

గిరిజ ఆంటీ గట్టిగా ముక్కు చీదారు.

"మా రాజ్ ఈ ఆగస్టులో కాలేజీకి వెళ్తున్నాడు" అన్నారు, ఎవరి ముఖమూ చూడకుండా. "రఘూ, ఇది ఎలా కొట్టాలో నాకు సరిగ్గా చూపించు నాన్నా."

"నాక్కూడా" అంది మూలనుంచి ఒకావిడ. ఆ వెనకే ఇంకొకావిడ.

"ఎవరైనా పడుకోవాలి" అన్నాడు రఘు.

"హర్షా, పడుకో" అంది శ్రీవల్లి.

"నేనా? కింద అంతా ఆవపిండి."

"నాకు చెప్పనందుకు."

హర్ష బుద్ధిగా గరాజ్ నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. రఘు ఖాళీ స్ప్రేతో చూపించాడు. ముందు భుజం తట్టి పిలవాలి, వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాలి, తల వెనక్కి వంచి ముక్కులో కొట్టాలి, పక్కకి ఒత్తిగిల్లించి వదలకుండా దగ్గరే ఉండాలి. ఆంటీలు వరసగా హర్ష తల వంచారు.

"ఆంటీ, కారం చెయ్యి, కారం చెయ్యి" అని హర్ష మొత్తుకుంటే, "ఊపిరాగినవాడివి, మాట్లాడకూడదు" అన్నారు గిరిజ ఆంటీ. శ్రీవల్లి నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. లేచాక అతని జుట్టులోంచి ఆవపిండి దులిపింది.

"ఇంకేమైనా దాచావా?"

"హార్ట్ వెయ్యడం నాకు రాదు. అంతే."

"అది తెలుసులే."

అందరూ వెళ్ళాక నాగమల్లేశ్వరి కోడల్ని వంటింట్లోకి పిలిచారు. చివరి సొరుగు లాగి, కొవ్వొత్తులన్నీ తీసి పారేశారు. పెట్టెలో మిగిలిన రెండో స్ప్రేని తెచ్చి స్టవ్ దగ్గర, పోపుల డబ్బా పక్కన అందరికీ కనిపించేలా పెట్టారు.

"ఇది ఇక్కడుంటుంది. ఇప్పుడైంది వల్లీ, నీకు వంటిల్లు చూపించడం."

ఆవకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి కలుపుతుంటే ఘాటు ఇల్లంతా పట్టింది. మొదటి ముద్ద రఘుకి పెట్టారు ఆవిడ. అతను గబగబా నమిలి టైమ్ చూసుకున్నాడు.

"అమ్మా, సర్కిల్‌కి లేట్ అవుతుంది."

"ఉండు, చెయ్యి కడుక్కుని నేనూ వస్తాను. వాళ్ళకో సీసా ఇవ్వాలిగా."

రఘు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "బాగా స్ట్రాంగ్‌గా ఉంది, మస్టర్డ్."

"అవును మరి, కొత్తావకాయ" అన్నారు నాగమల్లేశ్వరి, తన కళ్ళు కూడా తుడుచుకుంటూ.

శ్రీవల్లి తాళాల గుత్తి అందుకుని మీట నొక్కింది. గరగరమంటూ తలుపు పైకి లేచింది.