మూడో పొరలో వెంట్రుకవాసి ఖాళీ

పెంగ్ షి-హావ్ శవం లుజూ ప్రాంతంలో ఒక పార్కింగ్ స్థలంలో, సొంత కారులోనే, స్టీరింగ్ మీద తల వాల్చి దొరికింది. పర్సు జేబులోనే ఉంది, వాచీ చేతికే ఉంది. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలు పని మొదలుపెట్టే ముందు కస్టమర్‌కు పంపే సందేహాల జాబితా అది. మూడో సందేహం కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు.

అది పోయిన నెల మాట. ఇవాళ ఆ కాగితం గూఢచార శాఖ చీఫ్ కో బల్ల మీద ఉంది.

"చదువు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ లియావ్ పో-యెన్ చదివాడు. 'మీ డిజైన్‌లో ట్రిగ్గర్ లైను ఒకచోట తెగి ఉంది. పొరపాటా, కావాలనే వదిలారా? దయచేసి తెలపండి.' రెండు నెలలుగా కావోషియుంగ్ రేవులో వేరే పనిలో ఉండి నిన్ననే తిరిగొచ్చాడు. అతనికి తలా తోకా అర్థం కాలేదు.

"పెంగ్‌ని చంపింది ఆ ప్రశ్నే," అన్నాడు చీఫ్. "రోలాండ్ అని ఒకడున్నాడు. మూడు దేశాల పాస్‌పోర్టులున్నాయి, ఏదీ అసలుది కాదు. వాడి ముఠా తొమ్మిది రైల్వే స్టేషన్లలో తొమ్మిది బాంబు పెట్టెలు దాచింది. వాటిని పేల్చే బోర్డులు మాత్రం ఇంకా తయారవలేదు. ఏ పెట్టె ఎక్కడుందో దాన్ని పెట్టినవాడికి తప్ప ఎవరికీ తెలీదు."

"అంటే బోర్డులు తయారై వాళ్ళ చేతికి అందితేనే మనం వెనకాల వెళ్ళగలం."

"వెళ్ళేలోగా ఒక్కటి పేలినా మన బతుకు వృథా. అందుకే మనం ముఠాలో డిజైనర్‌గా పెట్టిన పెంగ్, బోర్డులో ఆ లైను తెంచాడు. ఫ్యాక్టరీలో ఎవరో మహాతల్లి పట్టేసి అడిగింది. సాయంత్రం ఐదింటికి మెయిల్ రోలాండ్‌కి చేరింది. ఏడింటికి పెంగ్ లేడు."

లియావ్ కాగితం మడిచాడు. "ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారు?"

"యూ కాయ్-నింగ్."

ఆ పేరు వినగానే లియావ్‌కు మనిషి గుర్తొచ్చింది. హై హీల్స్, ఎర్ర లిప్‌స్టిక్, చెవులకు పచ్చరాళ్ళ లోలకులు. ఆమె లిఫ్ట్ ఎక్కితే మిగతావాళ్ళు దిగడం మరిచిపోతారు.

"ఆవిడ ఎవరి మనిషి సార్?"

"మన మనిషినే అంటుంది. రోలాండ్‌తో కూడా అదే అంటుంది." చీఫ్ నవ్వలేదు. "ఈసారి బోర్డు మూడో పొరలో, అదే లైనులో వెంట్రుకవాసి ఖాళీ వదిలింది. కంటికి ఆనదు. కానీ ఇవాళ పొద్దున రోలాండ్ ఫైళ్ళన్నీ తనే తెరిచి ఒక్కొక్కదానికీ టిక్ పెట్టుకున్నాడట. రాగి పొరలు, పైపూత మాస్కు, రంధ్రాల కొలతలుండే డ్రిల్ ఫైలు, అంచు గీత. నెట్‌లిస్ట్ లేదని చూసి అసలు ప్లాను చూసి తనే తయారుచేసి కలిపాడు."

"నెట్‌లిస్టా?"

"ఏది దేనికి కలవాలో చెప్పే జాబితా. బొమ్మలో తెగిన లైను ఆ జాబితాలో కలిసే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే కాయ్-నింగ్ గుట్టు రట్టు. మళ్ళీ అదే ఫ్యాక్టరీకి పంపాడు. తప్పు పట్టుకున్న చోటని వాడికి గురి కుదిరింది."

"ఫ్యాక్టరీ యజమానికి చెబితే?"

"ఆయన ప్రతి ఆదివారం రోలాండ్ మనిషితో మా-జాంగ్ పలకలాట ఆడతాడు. టైము మూడున్నర. సందేహాల మెయిళ్ళు ఐదింటికి వెళ్తాయి."

లియావ్ డ్రిల్ బిట్ల సేల్స్‌మన్ వేషంలో ఫ్యాక్టరీలో అడుగుపెట్టేసరికి నాలుగుంపావు. అతని చెవిలో బియ్యపు గింజంత రిసీవరు ఉంది. కాయ్-నింగ్ లోలకంలోని మైకు నుంచి రోలాండ్ గదిలో గడియారం చప్పుడు కూడా వినిపిస్తోంది. లోలకాన్ని రెండుసార్లు తడితే ప్రాణాపాయమని గుర్తు.

ఫైళ్ళు పరీక్షించే గదిలో త్సెంగ్ షియు-లన్ ఒక్కతే ఉంది. యాభై దాటిన మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. యంత్రం మొరాయించదని అక్కడివాళ్ళకున్న నమ్మకం కొద్దీ మానిటర్ మీద ఆకుపచ్చ చిరుతిళ్ళ ప్యాకెట్ నిలబెట్టుకుంది.

"బిట్లయితే కింద గదిలో అడుగు," అంది తల తిప్పకుండానే.

"మీతోనే పనక్కా."

"అక్కా అన్నంతమాత్రాన నీ బిట్లు అరక్కుండా ఉంటాయా?"

ఆమె స్క్రీన్ మీద, మూడో పొరలో లైను తెగిందంటూ మూడో సందేహం అప్పటికే టైపు చేసి ఉంది.

"అది తీసెయ్యండి. ప్రభుత్వం పని."

ఇప్పుడు తల తిప్పింది. "ఇరవై ఆరేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను నాయనా. అడగాల్సింది అడక్కుండా ఒక్క బోర్డు కూడా కిందికి పంపలేదు. ప్రభుత్వమైతే ఉత్తరం పట్టుకురా."

లియావ్ జేబులోని, సిగ్నళ్ళను ఆపే పెన్ను మూత తిప్పాడు. ఆ అంతస్తులో వైర్‌లెస్ అంతా చచ్చిపోయింది.

"మా మెయిల్ వైరు మీద వెళ్తుంది," అంది షియు-లన్. "చూడబోతే నీ చెవిలోదే ఆగినట్టుంది."

ఆఫీసు వాళ్ళిచ్చే వస్తువులు ఎప్పుడూ ఇంతే. లియావ్ మూత వెనక్కి తిప్పి, మడత కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. "ఇది నేను రాసిందే. దీనికి జవాబు రాలేదు. ఆర్డరు రద్దయిందన్నారు."

"జవాబు చెప్పాల్సిన మనిషిని రెండు గంటల్లో చంపేశారు. దొంగల చేతిలో బాంబు పేలకూడదని ఆ లైను తెంచింది ఆయనే."

షియు-లన్ కాగితం మీది ఎర్ర గీత మీద వేలు పెట్టింది.

"పేరు?"

"పెంగ్ షి-హావ్."

"పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"మంచిపని చేశాననుకున్నాను," అంది. "ఎంత బాగా పట్టుకున్నానో అని ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను."

"ఇప్పుడు ఆ కుర్చీలో ఒక ఆడమనిషి ఉందక్కా. ఈ మెయిల్ వెళ్తే ఆవిడ కూడా పోతుంది. బోర్డు పనిచేస్తే తొమ్మిది స్టేషన్లు పోతాయి."

షియు-లన్ మూడో సందేహాన్ని చెరిపేసింది. అంతటితో అయిపోలేదు. పరీక్షల నివేదికలో 'తెగిన లైన్లు: 1' అని ఉంది. అక్కడ సున్నా వేయాలి. ఆమె వేలు మీట మీద ఆగిపోయింది. కాగితం మీద ఆమె ఏనాడూ అబద్ధం రాయలేదు. కళ్ళు మూసుకుని నొక్కింది.

"కింద టెస్టు మెషీన్‌కి కూడా వాళ్ళ జాబితా ఇవ్వను. బొమ్మలోంచి తీసిందే ఇస్తాను. లేకపోతే అక్కడ దొరికిపోతుంది," అంది.

నాలుగు యాభై రెండుకు లియావ్ చెవిలో లోలకం టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. ఆ వెంటనే పిస్తోలు సేఫ్టీ తీసిన చప్పుడు. మరుక్షణం షియు-లన్ బల్ల మీద ఫోను మోగింది.

"మేడమ్, మీకు ఫైళ్ళు పంపినవాణ్ణి," అన్నాడు రోలాండ్. ఆ గొంతు ఫోనులోంచీ, లియావ్ చెవిలోంచీ ఒకేసారి వినిపించింది. "మూడో పొర చూశారా? నా జాబితాతో సరిపోయిందా?"

లియావ్‌కు అవతల కాయ్-నింగ్ ఊపిరి వినిపిస్తోంది. ఒక సెకను. రెండు సెకన్లు. షియు-లన్ చూపు స్క్రీన్ మీద డ్రిల్ ఫైలు దగ్గర ఆగింది.

"ఆ ఫైళ్ళు పంపింది మీరేనా?" అని ఒక్కసారిగా అరిచింది. "కాస్త సిగ్గుండాలయ్యా! డ్రిల్ ఫైల్లో అంగుళాలో మిల్లీమీటర్లో రాయలేదు. బోర్డు మందం ఎంతో ఎక్కడా లేదు. మధ్యాహ్నం నుంచీ తిండి మానేసి మీ మనసులో ఏముందో ఊహిస్తూ కూర్చున్నాను. అంగుళాల్లో కొడితే మీ బోర్డు భోజనాల బల్లంత అవుతుంది! అన్నీ పంపలేనివాళ్ళు ఆర్డర్లెందుకిస్తారు?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"మిల్లీమీటర్లు," అన్నాడు రోలాండ్, బడిలో తిట్లు తిన్నవాడిలా. "మందం ఒకటి పాయింట్ ఆరు."

"నోటిమాట నాకొద్దు. రాసి పంపండి."

"మరి మూడో పొర?"

"పొరలు గీసినవాళ్ళకి పని వచ్చు. మీరు వేలు పెట్టినవే తగలడ్డాయి."

సేఫ్టీ మళ్ళీ పడిన చప్పుడు లియావ్‌కు వినిపించింది. "ముసలిది నిజాయితీపరురాలే," అంటున్నాడు రోలాండ్. షియు-లన్ ఫోను పెట్టేసి, చేతులు ఒళ్ళో వేసుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది.

పన్నెండో రోజు బోర్డులు బయటికి వెళ్ళాయి. పద్నాలుగో రోజు ఉదయం ఎనిమిది మంది ఎనిమిది పెట్టెల దగ్గర దొరికిపోయారు. తొమ్మిదోది రోలాండ్‌దే. జనంతో కిక్కిరిసిన ప్లాట్‌ఫాం మీద, కాయ్-నింగ్ పక్కన నిలబడి, తనవైపు వస్తున్న లియావ్‌ను చూసి ప్రభుత్వం మనిషని పసిగట్టాడు. జేబులో బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. అప్పుడు కాయ్-నింగ్ వైపు చూశాడు, అంతా అర్థమైంది. లియావ్ మీదపడి పడగొట్టేలోగా రోలాండ్ పిస్తోలు నుంచి ఒక తూటా పేలిపోయింది. దానికి అడ్డం పెట్టిన కాయ్-నింగ్ కుడిచెయ్యి ఇక మౌసు పట్టుకోదని డాక్టర్లు తేల్చారు.

వారం తర్వాత షియు-లన్ జామకాయలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది.

"పెంగ్ వాళ్ళింటికి వెళ్ళొచ్చాను," అంది లియావ్‌తో. "వాళ్ళావిడ తలుపు తీసింది. నేనెవరో చెప్పలేకపోయాను. తప్పు ఇంటికొచ్చానని చెప్పి తిరిగొచ్చేశాను."

కాసేపటికి కాయ్-నింగ్ కళ్ళు తెరిచింది. ఇవాళ లిప్‌స్టిక్ లేదు. "మీరేనా ఆవిడ? ఆ ఖాళీని దాచడానికి నాకు మూడు వారాలు పట్టింది. మీకెంతసేపు పట్టింది?"

షియు-లన్ జామకాయ ముక్కలు కోస్తూ ఆలోచించింది. "పదకొండు నిమిషాలు. మధ్యలో టీ తాగానులే."

కాయ్-నింగ్ గోడవైపు తిరిగి పడుకుంది.

"నొప్పిగా ఉందా? డాక్టర్ని పిలవనా?" అన్నాడు లియావ్.

"అక్కర్లేదు," అంది. "తూటా తగిలినప్పుడు కూడా ఇంత బాధ లేదు."