పేను కాదు, మంద

రంపం పట్టుకున్న మనిషికి అడ్డంగా పోయి, చింతమొద్దుకు వీపు ఆనించి నిలబడింది శారద. "ముందు నన్ను కొయ్యి వీరస్వామన్నా. చెట్టు సంగతి తర్వాత చూద్దువు."

వీరస్వామి రంపం కింద పెట్టి బీడీ వెలిగించాడు. కూలికి వచ్చిన మనిషి, ఈ తగాదాతో అతనికేం పని.

కురవి పక్కన ఉన్న ఆ తండాలో శారద తండ్రి హరిలాల్‌కు రెండెకరాల మిర్చి చేను. చేను గట్టు మీద ఈ చింతచెట్టు. శారద నాయనమ్మ రుక్కి కొత్తకోడలిగా వచ్చిన ఏడు తన చేత్తో నాటింది. నిన్న వాన వెలిశాక మొద్దు మీద నువ్వుగింజంత పురుగులు గుంపులు గుంపులుగా కనబడ్డాయి. పురుగుల సర్వే కోసం ఊళ్లు తిరుగుతున్న వేణు అనే యువకుడు భూతద్దం పెట్టి చూశాడు, ఫోటో తీశాడు, తండా వాట్సాప్ గ్రూపులో రెండే రెండు మాటలు పెట్టాడు: 'బెరడు పేను.'

ఇక చూడండి తండాలో గోల. మిర్చి రైతుకు పేను అంటే పేనుబంకే. రసం పీల్చి, ఆకు ముడిచి, బంక కార్చి చేనంతా పాడుచేసే పురుగు. అది చెట్టు దిగి చేన్లో పడితే ఏడాది కష్టం నేలపాలు. తెల్లారేసరికి హరిలాల్ రంపం పిలిపించాడు.

సరిగ్గా అప్పుడే సన్నటి తుంపరలో తడుస్తూ బండి దిగాడు వేణు.

"పేను సారు మీరేనా?" అంది శారద.

"నా పేరు వేణు."

"మా తండాల పలికితే ఒక్క అక్షరమే గదా తేడా. ఆ ఒక్క మాటతోనే మా చెట్టు పాణం మీదికొచ్చింది."

"నేను రాసింది కరెక్టే మేడం. ఇంగ్లిష్‌ల బార్క్ లైస్ అంటరు. తెలుగుల బెరడు పేను. చదివినోళ్లు పేనుబంక అనుకుంటే నేనేం జేస్త?"

"చదివిన పదిమందీ ఒక్కతీరే తప్పు చదివిన్రంటే, తప్పు రాసినోనిది. మీరు డిక్షనరీ చూసి రాసిన్రు. పక్కకున్న మిర్చి చేను చూసి రాయలే." ఆగకుండా అందుకుంది. "నేను మానుకోట కాలేజీల డిగ్రీ ఫైనలియర్, జువాలజీ. ఆర్నెల్ల సంది ఈ చెట్టు మీదనే ప్రాజెక్టు చేస్తున్న. గివి మొద్దు మీది పాచి, బూజు తింటయి. పచ్చి ఆకు ముట్టవు. తెలుసా, తెల్వదా?"

"తెలుసు."

"మరి గది మా బాపుకు చెప్పుర్రి. అందరి ముంగట."

వేణు కాసేపు తల గోక్కున్నాడు. తరిగొప్పుల నుంచి వచ్చిన, చర్చికి పోయే పౌలు గారి అబ్బాయి, కొత్త ఉద్యోగం, మొదటి జిల్లా. తప్పు ఒప్పుకుంటే రేపటి నుంచి తన మాట ఎవరూ వినరని భయం. అయినా నేరుగా హరిలాల్ దగ్గరికి నడిచాడు.

"కాకా, తప్పు నాదే. నేను రాసిన మాట మీ చేనుకు సరిపోదు. గిది పేనుబంక కాదు."

నసుగుతాడనుకుంది శారద. ఇలా సూటిగా చెప్తాడని అనుకోలేదు. అతని మీద కోపం నిలుపుకోవాలని ఎంత చూసినా అది నిలవలేదు.

"నిన్న పేనంటిరి, ఇయ్యాల కాదంటున్నరు. రేపేమంటరు సారూ?" అన్నాడు హరిలాల్.

"సారు మాట నమ్మకు బాపు, నా మాటా నమ్మకు. మొక్కను నమ్ము," అంది శారద. "మూడు రోజులియ్యి. రెండు మిర్చి మొక్కలకు దోమతెర కడ్త. ఈ పురుగులనే తెచ్చి వాటి మీద ఇడుస్త. ఆకు ముడిస్తే నేనే దగ్గరుండి చెట్టు కొట్టిస్త. ముడవకపోతే ఇంకోసారి రంపం ఈ గట్టు ఎక్కొద్దు."

"గింత మొండితనం ఎవలదే నీకు?"

"నీదే."

మూడు రోజులు. ఒకటే గొడుగు, ఒకటే భూతద్దం, చూసేవాళ్లు ఇద్దరు. తలలు ఎన్నిసార్లు ఢీకొన్నాయో లెక్కలేదు.

"దీని నుదురు చూడు, ఎంత ఉబ్బిందో. పేనుబంకకైతే ఎనుక రెండు గొట్టాలుంటయి, దీనికి లేవు," అంది శారద. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిందని ఇద్దరికీ తెలుసు.

"నుదురు ఉబ్బినోళ్లు మొండోళ్లంట."

"ఎవలన్నరు?"

"నేనే. మొన్న నిన్ను చూసినంక."

మందు కొట్టడానికి పోతున్న పక్క చేను కట్టమ్మ గట్టు మీద ఆగింది. "ఏందే పిల్లా, పురుగులను చూస్తున్నవా, పిలగాన్నా?"

"రెండూ చూస్తున్న అక్కా," అంది శారద తల ఎత్తకుండానే.

భూతద్దం వేణు చేతిలోంచి బురదలో పడింది.

మూడో రోజు పొద్దున తండా సగం గట్టు మీదే ఉంది, రంపంతో వీరస్వామి కూడా. హరిలాల్ దోమతెర ఎత్తి ఒక్కో ఆకును వేళ్ల మధ్య రుద్ది చూశాడు. బంక లేదు, ముడత లేదు. పురుగులు కొన్ని చచ్చి పడ్డాయి. మిగతావి తెర కట్టిన కర్రకు ఎక్కి, దాని మీది బూజు తింటున్నాయి.

రుక్కి చింతమొద్దు దగ్గర చతికిలబడి అక్కడున్న గుంపును వేలితో తాకింది. పురుగులు చెల్లాచెదురయ్యాయి. కాసేపటికే మళ్లీ ఒక్కచోట చేరి, ముందుది కదలగానే అన్నీ కలిసి కదిలాయి. ముసలామె బోసినోటితో నవ్వింది.

"గిది పేనెట్లయితది. గిది మంద. మా తాత ఆవులను తోలుకపోతుంటే గిట్లనే నడుస్తుండె."

వేణు వెంటనే ఫోన్ తీసి గ్రూపులో రాశాడు: 'మొన్న నేను రాసింది తప్పు. ఇది బెరడు మంద. చేనుకు ఏం కాదు. పేరు పెట్టింది రుక్కి అవ్వ.'

ఫోన్ జేబులో పెట్టి హరిలాల్ ముందుకు వచ్చాడు.

"సోమవారం సంది సర్వే భూపాలపల్లిల. పోయే ముంగట ఇంకో తప్పు కూడ చెప్పాలె. మొన్న మిమ్మల్ని కాకా అన్న. మామా అనాల్సింది."

అతను అంటాడని శారదకు తెలుసు, ఇంతమంది ముందు అంటాడని తెలియదు.

హరిలాల్ అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "మాది తండా, మీది చర్చి. మా ఇంట్ల లంబాడి మాట, మీ ఇంట్ల తెలుగు మాట. మందల కొత్తది కలవాల్నంటే ఊకెనే కాదు పిలగా. నిన్ను కూడ మూడు రోజులు దోమతెర కింద పెట్టి చూడాలె."

అందరూ నవ్వారు. శారద నవ్వలేదు. తెర తీసి మడిచి తండ్రి చేతిలో పెట్టింది.

"తెర అక్కర్లేదు బాపు. మూడు రోజులు పక్కకే కూసొని చూసిన. ఆకు ముడవలే."

హరిలాల్ తెరను చంకన పెట్టుకుని, రంపం ఇంటికి తీసుకుపొమ్మని వీరస్వామికి చెప్పాడు. తర్వాత వేణు వైపు తిరిగి, "పా, చాయ్ తాగుదువు," అన్నాడు.